మేనత్త చేసిన కేకు

సినిమా హాలు దగ్గర ఆమెను అందరూ టిక్కెట్టక్క అనేవారు. మేనేజరూ అంతే, గేటు దగ్గర టిక్కెట్లు చింపే ముసలాయనా అంతే, చివరికి ఇల్లు అద్దెకిచ్చినవాళ్లూ అంతే. ఆమెకంటూ ఒక పేరుందన్న సంగతి జీతం రోజున సంతకం పెట్టేటప్పుడు మాత్రం గుర్తొచ్చేది.

కౌంటరంటే ఒక మనిషి కూర్చుంటే ఇంకో మనిషి నిలబడ్డానికి చోటుండని గది. ముందు చువ్వలు, చువ్వల కింద చెయ్యి పట్టేంత కంత. ఇప్పుడు సగం మంది ఫోన్లలోనే టిక్కెట్లు కొనేస్తున్నారు గానీ, మిగతా సగం ఇంకా ఆ కంతలోనే చెయ్యి పెడతారు. ఆమె చేరకముందు ఆ హాల్లో వాళ్లమ్మ ఊడ్చేది. ఆవిడ పోయేనాటికి తమ్ముడింకా నిక్కర్లేసుకుని బడికి వెళ్తున్నాడు. కూతురికి లెక్కలు బాగా వచ్చని ఎవరో చెబితే, చీపురు పట్టాల్సిన పిల్లని మేనేజరు కౌంటర్లో కూర్చోబెట్టాడు. తమ్ముడు ప్రొజెక్టరు గదిలో ఆ వెలుతుర్లోనే ఎక్కాలు నేర్చుకున్నాడు. పెళ్లి మాట ఎత్తినవాళ్లందరికీ ఆమె "వీడి చదువు కానీండి" అని చెబుతూ వచ్చింది. వాడి చదువయ్యేసరికి అడిగేవాళ్లు అయిపోయారు.

తమ్ముడు మంచివాడే. టైల్సు కొట్లో లెక్కలు రాస్తాడు. నోట్లో నాలుక లేదు, ఒకరిని మాట అనడు. అతని భార్య మాత్రం మాటకి మాట చెప్పగలిగిన మనిషి. ఫిజియోథెరపీ చేస్తుంది. విరిగి అతుక్కున్న చేతుల్ని, కాళ్లని వంచడం ఆమె పని, అవతలివాళ్లు అబ్బా అంటే ఆగే మనిషి కాదు. వదినా మరదళ్లకి పడదని ఎవరూ అనలేరు, పడుతుందనీ అనలేరు. మర్యాదలు మాత్రం సక్రమంగా జరిగిపోయేవి.

వాళ్లకి ఒక్కతే పిల్ల. ఏం పెట్టినా ముక్కుతో పొడిచినట్టు నాలుగు మెతుకులు తిని లేచిపోతుందని టిక్కెట్టక్కే దానికి పిచ్చుక అని పేరు పెట్టింది. ఆ పేరే నిలిచిపోయింది. పిచ్చుకకి రెండేళ్లప్పుడు ఎవరింట్లోనో బిస్కట్టు తిని పెదాలు వాచి, ఊపిరి అందక, ఆస్పత్రిలో పడుకోవలసి వచ్చింది. అప్పుడు తెలిసింది, పిల్లకి పల్లీలు పడవని. జీడిపప్పు, బాదంపప్పు అసలే పడవు. వాటికి తగిలిన గరిటె వేరే దాంట్లో పెట్టినా చాలు, ప్రమాదమేనన్నారు డాక్టర్లు.

అప్పట్నుంచీ మరదలు మనిషి మారిపోయింది. ఎక్కడికి వెళ్లినా పిల్లకో డబ్బా, చెంచా, నీళ్లసీసా, ఊపిరి అందకపోతే పొడవడానికి బ్యాగులో ఓ మందుసూది. "మా కాలంలో ఇవన్నీ ఎక్కడివమ్మా, అన్నీ తిని పెరిగాం" అన్నవాళ్లకి "పెరగనివాళ్లు వచ్చి చెప్పలేదు గదండీ" అనేది. దాంతో చుట్టాలు పిలవడం మానేశారు, ఆమె వెళ్లడం మానేసింది. పండగలొస్తే ఆ ముగ్గురూ తలుపులేసుకుని ఇంట్లోనే తినేవాళ్లు.

ఆ ఏడాది పండగకి టిక్కెట్టక్క పట్టుబట్టి పిలిచింది.

"మా ఇంట్లో తిందురు గాని. ఏమేం పడవో నువ్వు చెప్పు, ఆ వాసన కూడా లేకుండా నేను చూసుకుంటాను" అంది ఫోన్లో.

మరదలు వెంటనే సరే అనలేదు. ఓ ఆదివారం వచ్చి చూసి చెబుతానంది. వచ్చి నిజంగానే చూసింది. అలమర తెరిచింది, డబ్బాల మూతలు తీసింది, మిక్సీ గిన్నె అడుగున వేలు పెట్టి రుద్ది వాసన చూసింది. ఇల్లంతా కలిపి రెండు గదులు, కింద సైకిల్ టైర్ల కొట్టు. తన ఇంట్లో తన డబ్బాలు ఇంకొకరు మూతలు తీసి చూస్తుంటే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. ఆమెకీ అలాగే అనిపించింది. కానీ పిల్ల ఊపిరి సంగతి గదా అనుకుని పక్కన నిలబడి, "అదిగో ఆ పై అరలోది కూడా చూడు" అని తనే స్టూలు తెచ్చి వేసింది.

ఆ మర్నాటి నుంచి ఇంట్లో పల్లీ గింజ లేదు. మిక్సీ పనిమనిషికి ఇచ్చేసింది. పాత నూనె, పిండి, కారం అన్నీ తీసేసి సీలు విప్పనివి కొత్తవి తెచ్చుకుంది. గరిటెలు, మూకుడు కొత్తవి. హాల్లో ఇంటర్వెల్ వస్తే అందరి చేతుల్లోనూ వేయించిన పల్లీల పొట్లాలే కాబట్టి, డ్యూటీ నుంచి రాగానే తలస్నానం చేసి గాని వంటగదిలోకి వెళ్లేది కాదు. తలస్నానాలు ఎక్కువై జలుబు చేసింది. అయినా మానలేదు.

అన్నిటికన్నా కష్టం సెలవు అడగడం. ఉద్యోగంలో చేరాక ఏ పండగనాడూ ఆమె ఇంట్లో ఉండలేదు. హాలుకి పండగంటే కొత్త సినిమా, కొత్త సినిమా అంటే తెల్లారేసరికి క్యూ.

"పండగనాడు టిక్కెట్టక్క సెలవడగడం పెళ్లినాడు పెళ్లికూతురు సెలవడిగినట్టుంది" అన్నాడు మేనేజరు.

"ఈ ఒక్కసారికి పెళ్లికూతుర్ని మార్చుకోండి సార్" అంది ఆమె.

ఆయన నవ్వి ఇచ్చాడు. ఆ నవ్వుకి బదులుగా రెండు నెలల వారపు సెలవులు కోసేశాడు.

పిచ్చుకని ఏం కావాలని ఫోన్లో అడిగితే అది చాలాసేపు ఆలోచించి, "కేకు" అంది. పుట్టినరోజులకి బడిలో పిల్లలు కేకు కోస్తే తను బల్ల మీద తల పెట్టుకుని పడుకుంటుందట. పడుకుంటే ఎవరూ పెట్టరని వాళ్లమ్మ నేర్పిందట. ఆ మాట విన్నాక ఆమెకి ఇంకేం వినబడలేదు. పుట్టి బుద్ధెరిగి కేకు చేసిన మనిషి కాదు. మొదటిసారి చేసింది ఇటుకలా వచ్చింది. రెండోది మధ్యలో పచ్చిగా ఉండి చెంచాతో తినాల్సి వచ్చింది. "అక్కా, ఇది కేకా, గంజా" అని టిక్కెట్లు చింపే ముసలాయన అడిగి మరీ రెండు గిన్నెలు తిన్నాడు. నాలుగోదో అయిదోదో పొంగింది. పొంగిన రోజున ఎవరికైనా చూపించాలనిపించి, కిందికి దిగి టైర్ల కొట్టతనికి చూపించి వచ్చింది.

పండగ రోజు మధ్యాహ్నానికి ముందే వాళ్లు వచ్చారు. పిచ్చుక కొత్త తెల్లగౌను వేసుకుంది. అన్నం, పప్పు, బంగాళదుంపల వేపుడు, కోడికూర, మధ్యలో కేకు. బల్ల మీద అన్నీ సర్ది ఉన్నాయి. తమ్ముడు గుమ్మంలోనే నిలబడి గట్టిగా వాసన పీల్చి, "అక్కా, చిన్నప్పటి ఇల్లులా ఉందే" అన్నాడు.

అందరూ కూచున్నాక మరదలు బ్యాగులోంచి డబ్బా తీసి పిల్ల ముందు పెట్టింది. లోపల అన్నం, ఉడికించిన కూర, పక్కన చెంచా.

టిక్కెట్టక్క వడ్డించడానికి ఎత్తిన గరిటె మళ్లీ గిన్నెలో పెట్టింది.

"ఏమీ అనుకోకండి వదినా. దానికిదే అలవాటు" అంది మరదలు.

"వచ్చి చూసుకుని వెళ్లావు కదమ్మా."

"చూశాను. మీరు బానే చేశారు. నాకే ధైర్యం చాల్లేదు."

ఇందులో పోట్లాడ్డానికి ఏముంది. ఆమె పప్పుగిన్నె అందుకుని తమ్ముడికి వడ్డించింది. తమ్ముడు అవీ ఇవీ మెచ్చుకుంటూ రెండింతలు తిన్నాడు. డబ్బాలో అన్నం తింటున్న పిచ్చుక కళ్లు మాత్రం కేకు మీదే ఉన్నాయి. అది అడగలేదు.

చివరికి మరదలే మెత్తబడింది. పిండి ప్యాకెట్టు తెమ్మంది, నూనె సీసా తెమ్మంది, వాటి మీద రాసింది కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదివింది. కేకు ఏ గిన్నెలో కలిపారు, ఏ చెంచాతో కలిపారు అని అడిగింది. అడిగిన ప్రతిదానికీ ఆమె వస్తువు తెచ్చి చూపించింది. కోర్టులో సాక్ష్యం చెబుతున్నట్టనిపించింది గానీ, గెలిచినందుకు సంతోషంగానూ ఉంది.

"సరే, చిన్న ముక్క" అంది మరదలు.

పిచ్చుక చాకు పట్టుకుని తనే కోసింది. ముక్క నోట్లో పెట్టుకుని, నమలకుండా కాసేపు అలాగే కూచుంది. తర్వాత నిదానంగా తిని, గౌను మీద రాలిన పొడి కూడా ఏరుకుని తింది. వాళ్లమ్మ దాని పెదాలకేసి, మెడకేసి చూస్తూనే ఉంది. ఎంతసేపు చూసినా ఏమీ కాలేదు. అప్పుడు మరదలు కుర్చీలో వెనక్కి వాలి, "నాకూ ఓ ముక్క పెట్టండి వదినా" అంది. పెళ్లయి వచ్చాక ఆమె ఆ ఇంట్లో నోరు తెరిచి అడిగి తిన్నది అదే.

మధ్యాహ్నం ఎండ తగ్గాక తమ్ముడు పిల్లని వీధిలో తిప్పి తెస్తానని కిందికి తీసుకెళ్లాడు. వదినా మరదళ్లిద్దరూ గిన్నెలు కడిగారు. మరదలు తన పేషెంట్ల కబుర్లు చెప్పింది. ఒకాయన మోకాలు వంచబోతే లాయర్ని పిలుస్తానన్నాడట. ఆమె కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది. ఇన్నాళ్లూ మరదలు ఇంత సరదాగా మాట్లాడగలదని తనకు తెలియదే అనుకుంది.

మెట్ల మీద దగ్గు వినిపించింది ముందు. తర్వాత తమ్ముడు పిల్లని ఎత్తుకుని లోపలికొచ్చాడు. పిచ్చుక పెదాలు అప్పటికే లావెక్కాయి, మెడంతా ఎర్రటి దద్దుర్లు, గొంతులో పిల్లికూతలు. మరదలు అరవనైనా అరవలేదు. బ్యాగులోంచి సూది తీసి, గౌను పైకి లాగి తొడలో గుచ్చింది. "నీళ్లు" అంది. ఆమె తడిగుడ్డ తెచ్చి పిల్ల మొహం తుడిచింది. తుడిస్తే మూతి పక్కన జిగురుగా, గులాబి రంగు మరక గుడ్డకి అంటింది. గౌను మీద కూడా గుండీల దగ్గర అదే రంగు. ఐస్‌క్రీమ్. వీధి మొదట్లో నిలబడే బండివాడి ఐస్‌క్రీమ్. అన్నిటికీ ఒకటే గరిటె, దంచిన పల్లీల గిన్నె పక్కనే.

ఆమె తమ్ముడి మొహంలోకి చూసింది. అతను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

ఆస్పత్రిలో పిల్ల ముక్కుకి గొట్టం పెట్టారు. డాక్టరు ఏం తిందని అడిగింది.

"మా వదిన చేసిన కేకు" అంది మరదలు.

"ఇంకేమైనా పెట్టారా బయట?"

డాక్టరు అడిగింది తమ్ముణ్ని చూసి. అతను తల అడ్డంగా ఊపి, "ఇంకేం లేదండీ" అన్నాడు.

ఆమె వెంటనే తమ్ముడికేసి తిరిగింది. అయినా ముందు పిల్ల సంగతి చూడాలనిపించి డాక్టరు వెనకాలే వరండాలోకి వెళ్లి, "ఏం తిన్నదో సరిగ్గా తెలిస్తే మీ మందు ఏమైనా మారుతుందామ్మా?" అని అడిగింది. మారదు, ఇదే మందు, పిల్ల తేరుకుంటోంది అంది డాక్టరు. అలాగైతే తమ్ముడే చెప్పుకోనీ అనుకుంది ఆమె. భయంతో అబద్ధం నోరు జారి ఉంటుంది, పిల్ల కళ్లు తెరిస్తే వాడే ఒప్పుకుంటాడు అనుకుంది. చిన్నప్పుడు ప్రొజెక్టరు గదిలో లెన్సు పగలగొట్టి వాడిలాగే తల దించుకుంటే తనే పగలగొట్టానని చెప్పి తిట్లు తిన్న సంగతి అప్పుడు జ్ఞాపకం వచ్చింది. అద్దం పగిలింది వేరు, ఇది వేరు. ఈ తేడా వాడికి తెలియకుండా ఎలా ఉంటుంది?

సాయంత్రానికి పిల్ల లేచి కూచుంది. మరదలు వరండాలో ఆమె పక్కన వచ్చి కూచుని, తిట్టకుండా, గొంతు పెంచకుండా చెప్పింది. "మీ తప్పేం లేదు వదినా. నాదే. నమ్మాను."

తిట్టినా బాగుండును.

రోజులు గడిచాయి, తమ్ముడు చెప్పలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఓ రోజు మ్యాట్నీ అయ్యాక కౌంటరు దగ్గరికే వచ్చి, చువ్వల బయట నిలబడ్డాడు.

"అక్కా, అది మొండికేసింది. స్ట్రాబెర్రీ కదా, దాంట్లో ఏముంటుందిలే అనుకున్నాను."

"అనుకున్నావు. తర్వాతైనా చెప్పొచ్చుగా."

"చెబితే ఆవిడ నన్ను బతకనిస్తుందా? రోజూ ఒకే ఇంట్లో ఉండాలి అక్కా. నువ్వంటే వేరే ఉంటావు. ఒక మాట పడితే నీకు పోయేదేముంది?"

ఆమె కౌంటరు పలక కిందికి దించి, ఇంటికి వెళ్లిపోయింది. సాయంత్రం ఆటకి టిక్కెట్లు ఎవరమ్మారో ఆమెకి తెలియదు.

మాట పడ్డం అలవాటే. కానీ ఏ బండి దగ్గర ఏం జరిగిందో తల్లికి తెలియకపోతే, రేపు మళ్లీ అది మొండికేస్తే, మళ్లీ వీడు ఏం కాదులే అనుకుంటే? ఆ ఆలోచన ఆమెని నిలవనివ్వలేదు. ఆదివారం పొద్దున్న ఆట మొదలవకముందే బయల్దేరి వాళ్లింటికి వెళ్లింది.

తమ్ముడు ఇంట్లోనే ఉన్నాడు. పిచ్చుక నేల మీద కూచుని బొమ్మకి రంగులేస్తోంది. ఆమె కుర్చీలో కూచోకుండానే మరదలికి చెప్పింది. కేకు కాదని, ఐస్‌క్రీమని, గుడ్డకి అంటిన మరక తను చూశానని.

మరదలు భర్త వైపు తిరిగింది. "కొన్నారా?"

"లేదు. అక్క ఏదో పొరబడుతోంది" అన్నాడు తమ్ముడు. గొంతు వణకలేదు.

అప్పుడు మరదలు పిల్లని అడిగింది. "నాన్న ఐస్‌క్రీమ్ కొనిపెట్టాడామ్మా ఆ రోజు?"

పిచ్చుక రంగుపెన్సిలు ఆపింది. తండ్రి మొహం చూసింది. మేనత్త మొహం చూసింది. ఆరేళ్ల పిల్ల కళ్లలో అంత లెక్క కనిపించేసరికి ఆమెకి భయం వేసింది.

"లేదు" అంది పిచ్చుక. అని, తల వంచుకుని మళ్లీ రంగు వేయడం మొదలెట్టింది. గీత దాటి రంగు బయటికి పోయింది.

ఇంకొక్క ప్రశ్న వేస్తే ఆ పిల్ల ఏడ్చి చెప్పేసేది. అది అందరికీ తెలుసు. ఆ ప్రశ్న వేయడానికి ఆమెకి నోరు రాలేదు.

"నేనే పొరబడి ఉంటాను" అని లేచింది.

మరదలు వీధి తలుపు దాకా వచ్చింది. తలుపు వెనక్కి దగ్గరగా లాగి, గొంతు తగ్గించి మాట్లాడింది.

"ఆ గౌను ఉతికింది నేనే వదినా. నాకు ఆస్పత్రి నుంచి వచ్చిన రోజే తెలుసు."

ఆమెకి కాసేపు మాట అర్థం కాలేదు. అర్థమయ్యాక అడగడానికి ఒక్కటే మిగిలింది. "మరెందుకమ్మా?"

"నేను పొద్దున్న పనికి పోతే దాన్ని బడి నుంచి తెచ్చేది ఆయనే. నేనొచ్చేదాకా చూసుకునేది ఆయనే. తప్పు చేశావని నేను మొహం మీద అంటే, రేపట్నుంచి ఆయన్ని నమ్మి పిల్లనెలా వదలను? నమ్మకుండా ఎలా బతకను? ఇప్పుడు భయం పట్టుకుంది, జేబులో చిల్లర కూడా పెట్టుకోవడం లేదు. అది చాలు నాకు."

"నా సంగతి?"

మరదలు జవాబు చెప్పడానికి కష్టపడింది. ఆ కష్టం నిజమైనదే. "ఎవర్నో ఒకర్ని వదులుకోవాలి వదినా. ఆయన్ని వదులుకోలేను" అంది.

ఆ తర్వాత రాకపోకలు లేవు. చుట్టాల్లో మాత్రం కథ బాగా నడిచింది. మేనత్త కేకులో ఏదో కలిసిందట, పెద్దావిడ, కళ్లు సరిగా ఆనలేదేమో పాపం, అన్నారు. పాపం అన్న మాట ఆమెకి పుండు మీద కారంలా ఉండేది. ఒకళ్లిద్దరు ఓదార్చడానికి వచ్చారు. "మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే" అన్నారు. ఆమె వాళ్లకి టీ ఇచ్చి, హాల్లో ఏ సినిమా ఆడుతోందో చెప్పి పంపేసింది. కొత్త మూకుడు, గరిటెలు కింద టైర్ల కొట్టతనికి ఇచ్చేసింది. ఎందుకక్కా అంటే, చోటు లేదంది.

మరుసటి ఏడాది పండగకి మేనేజరు అడక్కుండానే ఆమె డ్యూటీ వేయించుకుంది. పొద్దున్న చీర కట్టుకుంటుండగా ఫోన్ మోగింది. తమ్ముడు. అందరం బావున్నామన్నాడు, నువ్వెలా ఉన్నావన్నాడు, ఉండు పిల్ల మాట్లాడుతుందట అని ఫోన్ ఇచ్చేశాడు. అటు పక్క తలుపు మూసిన చప్పుడైంది. పిచ్చుకే వేసినట్టుంది.

"అత్తా, నీకు నా మీద కోపమా?"

"నాకెందుకే కోపం."

"నాన్న చెప్పొద్దన్నాడు అప్పుడు."

"తెలుసులే."

పిచ్చుక గొంతు తగ్గించింది. "ఇప్పుడు అమ్మకి చెప్పనా మరి? చెప్పేస్తే నువ్వు మళ్లీ పిలుస్తావా?"

అమ్మకి తెలుసని చెబితే పిల్ల ఏమైపోతుంది? తెలిసీ తల్లి ఊరుకుందని ఇంత చిన్న బుర్రలోకి ఎలా ఎక్కించడం? చెప్పమంటే ఆ ఇంట్లో ఏం కూలుతుందో. ఏడాదంతా నిజం బయటికి రావాలని కోరుకున్న మనిషికి, అది తనంత తానే వచ్చి గుమ్మంలో నిలబడితే లోపలికి రమ్మనే మాట నోట రాలేదు.

"వద్దులే అమ్మా. చెప్పకు" అంది.

"సరే" అంది పిచ్చుక. ఆ సరేలో బరువు దిగిన చప్పుడు వినబడింది. తర్వాత బడి సంగతులు ఏవో చెప్పి పెట్టేసింది.

ఆమె ఫోన్ పట్టుకుని మంచం మీద కూచుండిపోయింది. తమ్ముడు ఆ పిల్లకి ఏం నేర్పాడో ఇప్పుడు తనూ అదే నేర్పింది. తిట్టడానికి కూడా ఇక ఎవరూ మిగల్లేదు. హాలు నుంచి మనిషి వచ్చి తలుపు కొట్టాడు. అక్కా, క్యూ అప్పుడే రోడ్డెక్కింది, మేనేజరు పిలుస్తున్నాడన్నాడు. వస్తున్నానంది. పొయ్యి మీద పెట్టిన అన్నం దించి, తినకుండానే మూత పెట్టి, తాళం వేసుకుని వెళ్లింది.